ఆదివారం భోజనం, శనివారం వార్త

చికాగో,
సెప్టెంబరు 14, 1971

థోరా అక్కకు,

నా ఆరోగ్యం బాగుంది, చలి ఇంకా మొదలవలేదు, పక్కింటావిడ పిల్లి చచ్చిపోయింది. మా వీధి కబుర్లు ఇంతే. నువ్వయితే వీటితోనే వారానికి సరిపడా కాలమ్ నింపేదానివి.

అసలు సంగతి చెబుతాను. ఉద్యోగం మానేశాక ఊరికే కూర్చోలేక నా గురించి నేనే పుస్తకం రాస్తున్నాను. ఇంతకు ముందు రాసిన మూడూ ఇతరుల సంగతులే. లాండ్రీల్లో బట్టలుతికే ఆడవాళ్ళు, కోర్టు బోనెక్కిన ఆడవాళ్ళు, యుద్ధంలో విమానాలకు రివెట్లు బిగించిన ఆడవాళ్ళు. ఇప్పుడు స్టెన్‌డాల్‌లో పాలు పితికి, బడిపంతులమ్మ ఉద్యోగం మధ్యలో వదిలేసి, చికాగో వచ్చి పెళ్ళి వార్తలూ జామ్ తయారీలూ రాసిన ఆడమనిషి వంతు వచ్చింది. పబ్లిషర్‌కు నచ్చింది. జనవరి ఆఖరుకల్లా మొత్తం ఇచ్చెయ్యాలి.

రెండో అధ్యాయం ఎక్కడ ముగుస్తుందో నువ్వే ఊహించగలవు. మన ఊరి వారపత్రికలో నీ "తూర్పు స్టెన్‌డాల్ కబుర్లు" నుంచి కత్తిరించుకున్న ముక్క ఇప్పుడు నా ఎదురుగా ఉంది. "గత ఆదివారం హాల్వోర్ నీగార్డ్ గారింట భోజనానికి పదకొండు మంది అతిథులు వచ్చారు. భోజనానంతరం నీగార్డ్ గారు, చికాగో పత్రికలో తమ కుమార్తె ఆర్డిస్ రాసిన వ్యాసాన్ని అందరికీ చదివి వినిపించారు. అందరూ మెచ్చుకున్నారు." జూలై 5, 1934. లాండ్రీ ఆడవాళ్ళ చేతుల గురించి, నా పేరుతో అచ్చయిన మొదటి వ్యాసం అది.

నేను బడి వదిలేసిన రోజు నుంచి నాన్న నా రాతల గురించి బతికినన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. నేనింటికొస్తే ఆవుల గురించి మాట్లాడేవాడు. నా ఎదుట అనకపోతేనేం, నలుగురి ముందు చదివాడు కదా అని తృప్తిపడ్డాను. అందుకే ఈ ఘట్టం బాగా రాయాలి. నాన్న నిలబడి చదివాడా, కూర్చునా? కళ్ళద్దాలు పెట్టుకున్నాడా? ఎక్కడైనా ఆగాడా? నాకొక నియమం ఉందని తెలుసుగా, ఒక నోట విన్నది కబురు, రెండు నోళ్ళ విన్నది వార్త. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో ఇంకా ఎవరున్నారో కూడా రాయి.

నీ చెల్లెలు,
ఆర్డిస్

---

స్టెన్‌డాల్, మిన్నెసోటా,
అక్టోబరు 3, 1971

ఆర్డిస్‌కు,

నీ ఉత్తరం అందింది. పిల్లి సంగతి చదివి బాధపడ్డాను. దాని పేరేమిటి?

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, మోకాళ్ళు మినహా. మీ బావ బంగాళాదుంపలు తవ్వించాడు. ఈ ఏడు ఒక్కొక్కటి పిడికిలంత ఉన్నాయి. చర్చిలో లెఫ్సె రొట్టెలు కాల్చే రోజున పిండి నేనే కలపాలట. నేను కలిపితే రొట్టె పెనానికి అంటుకోదని పాస్టరు భార్య పొగిడింది. ఆవిడకు ఆ పని తప్పించుకోవడం బాగా వచ్చు.

పుస్తకం రాయడం మంచిదే. ఆ భోజనం సంగతి అడిగావు. కాల్చిన పంది మాంసం, బఠాణీలు, కొత్త దుంపలు. అమ్మ చేసిన నిమ్మకాయ కేకు మధ్యలో కుంగిపోతే పైన క్రీము వేసి కప్పేసింది. ఇది రాయకు, పోయినావిడ పరువు తియ్యకూడదు. కళ్ళద్దాల సంగతి నాకు గుర్తులేదు. ఆ రోజు చాలా ఉక్కగా ఉంది.

అయినా దాంతోనే అధ్యాయం ముగించాలా? నువ్వు పాఠం చెబుతుంటే బడిలో పొయ్యిగొట్టం ఊడిపడి పిల్లలంతా మసి కొట్టుకుపోయిన కథ ఉందిగా! అది చదివితే జనం కడుపుబ్బ నవ్వుతారు. అది రాయి.

ఆ రోజు వచ్చినవాళ్ళలో ఇప్పుడు గెర్ట్రూడ్ ఓల్బర్గ్ ఒక్కతే ఉంది. ఆవిణ్ణి అడక్కు. ఈమధ్య ఏదీ గుర్తుండడం లేదు. పోయిన ఆదివారం తనదనుకుని నా కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

నీ అక్క,
థోరా

---

చికాగో,
అక్టోబరు 20, 1971

అక్కకు,

పిల్లి పేరు బిస్మార్క్.

నేను దాదాపు నలభై ఏళ్ళు జనాన్ని ప్రశ్నలడిగి బతికాను. దొంగలను, న్యాయవాదులను, ఒకసారి సర్కస్ వాణ్ణి. దుంపల నుంచి లెఫ్సెకు, లెఫ్సె నుంచి పొయ్యిగొట్టానికి గెంతినవాళ్ళెవరూ నాకు ఇంతవరకు తగల్లేదు. ఫలానా మనిషిని అడగవద్దు అంటే నేనేం చేస్తానో నీకు తెలియదా? గెర్ట్రూడ్ అత్తకు ఫోన్ చేశాను.

"ఎవరూ, ఆర్డిసా? ఒసేయ్, బతికే ఉన్నావా! పేపర్లో నీ పేరు కనబడ్డం మానేస్తేనూ, పోయావనుకున్నా!"

"రిటైరయ్యానత్తా."

"అదీ ఇదీ ఒకటేలే. ఏం కావాలి?"

నాన్న వ్యాసం చదివిన సంగతి అడిగాను.

"మీ నాన్న చదివాడా? హాల్వోరా? భోజనానికి ముందు ప్రార్థనే నాలుగు మాటల్లో కానిచ్చేవాడు, ఆయన పేపరు చదివాడంటావా! నన్నడక్కమ్మా, మీ అక్కనడుగు. అన్నట్టు ఆ ఆడవాళ్ళ చేతుల గురించి వింటూ నేనెంత ఏడ్చాననుకున్నావ్, కాఫీ చల్లారిపోయింది. ఆగాగు, లైన్లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. హెల్గా, నువ్వేనా? పెట్టెయ్యవే ఫోను!"

మతిమరుపు మనిషిలా లేదు అక్కా. ఏం జరిగిందో చెప్పు. ఏదైనా సరే తట్టుకుంటాను. ఫోన్ చెయ్యకు, మీ పేటలో ఇళ్ళన్నిటికీ ఒకటే లైను, హెల్గా వింటుంది. ఉత్తరం రాయి.

ఆర్డిస్

---

స్టెన్‌డాల్,
నవంబరు 7, 1971

ఆర్డిస్‌కు,

కూర్చుని చదువు.

ఆ ఏడాది జూలై నాలుగు బుధవారం వచ్చింది. పండుగకు ప్రెస్సు మూసేస్తామని, కబుర్లన్నీ శనివారం పోస్టులోనే పడాలని ఎడిటర్ క్విస్ట్ గారు కబురంపారు. మామూలుగా మేం సోమవారం పంపేవాళ్ళం. ఆదివారం భోజనాలు లేకపోతే కబుర్లలో ఇక మిగిలేదేముంది, పంది పిల్లలు తప్ప? అలాంటప్పుడు పేటపేటకూ ఉన్న నాలాంటి వాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను. ఎవరింటికి ఎవరొస్తున్నారో, ఏం వండుతున్నారో ముందే కనుక్కుని, అంతా జరిగిపోయినట్టు రాసేశాను. పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టడమన్నమాట. మామూలుగా ఏ ఇబ్బందీ వచ్చేది కాదు. మన ఊళ్ళో ఆదివారాలన్నీ ఒకలాగే ఉంటాయి.

అమ్మ అంది, "ఆర్డిస్ వ్యాసం మీ నాన్న చేత చదివిస్తా, రాసుకో. నలుగురి ముందు కాదని ఎలా అంటాడో నేనూ చూస్తా." రాసుకున్నాను.

ఆదివారం వచ్చింది. కేకు తిన్నాక అమ్మ నీ పేపరు తెచ్చి నాన్న పళ్ళెం పక్కన పెట్టింది. "ఏమండీ, ఆర్డిస్ రాసింది. అందరూ ఉన్నారు, చదవండి."

నాన్న పేపరు బోర్లించి కిటికీలోంచి చూశాడు. "పడమట మబ్బు పట్టింది. గడ్డి తడుస్తుంది."

"ఆదివారమండీ!" అంది అమ్మ.

"ఆదివారమని గడ్డికి తెలీదు" అని లేచి బండి కట్టడానికి పోయాడు. అప్పటిదాకా నాన్న ఆదివారం గుర్రాలకు జీను తగిలించగా చూసినవాళ్ళు లేరు. ఆ మబ్బు అరచెయ్యంత ఉంది. ఆ నెలంతా చుక్క రాలలేదు.

బడి కమిటీలో ఉండి, నువ్వు సగంలో వెళ్ళిపోతే అందరికీ తనే క్షమాపణ చెప్పుకున్నాడు కదా. అది ఆయన మింగలేకపోయాడు.

గురువారం పేపరు రాగానే నేను క్విస్ట్ గారి దగ్గరకు పరిగెత్తాను, సవరణ వెయ్యమని. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏమని వెయ్యమంటావమ్మా? ఫలానా ఆయన తన కూతురు రాసింది చదవలేదు అనా? జరగనివన్నీ అచ్చేస్తూ పోతే పేపరు ఎన్ని పేజీలవ్వాలి?" అన్నాడు. నాన్న కూడా ఆ ముక్క చూశాడు. చూసి, "కోడెల ధర తప్పుగా వేశారు" అని మడిచి పెట్టాడు. అంతే.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది, సంతోషంతో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అమ్మ దాన్ని పిండి డబ్బాలో దాచింది. క్రిస్మస్‌కు నువ్వొచ్చి సంచీలోంచి ఆ ముక్క తీసి నాకు చూపించావు. అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ కిందటి ఏడుకంటే కష్టమైంది.

పుస్తకంలో అబద్ధం ఎక్కితే నీ పేరు పోతుంది. అందుకే పొయ్యిగొట్టం అన్నాను.

థోరా

---

చికాగో,
డిసెంబరు 12, 1971

అక్కకు,

నెల దాకా జవాబు రాయకపోవడం తప్పే. నీ ఉత్తరం అందిన రోజు కోటు వేసుకుని సరస్సు గట్టు వెంట కాళ్ళు మొద్దుబారేదాకా నడిచాను. నీ మీద చాలా కోపం వచ్చింది. నాన్న మీద కంటే నీ మీదే. ఆయన అలాగే ఉంటాడని నాకు ఎప్పుడూ తెలుసు.

నీకు నేను చెప్పనిదొకటి ఉంది. లాండ్రీ వ్యాసం అచ్చయిన నెలకే మా పేజీ పెద్దావిడ నన్ను పిలిచి, "చేతుల గురించి ఒకసారి చాలు, ఇక పీచ్ పండ్ల జామ్ మొదలుపెట్టు" అంది. ఆ శుక్రవారం జీతం తీసుకుని ఇంటికి రైలు టికెట్టు కొన్నాను. స్టేషన్ బెంచీ మీద కూర్చుని నీ ముక్క తీసి చదివాను. నాన్నంతటివాడు నలుగురి ముందు నా వ్యాసం చదివాడంటే, ఇప్పుడు ఓడిపోయి ఆయన ఎదుట ఎలా నిలబడను అనిపించింది. టికెట్టు వాపసు ఇచ్చేసి జామ్ రాశాను. రెండేళ్ళు రాశాక కోర్టు వార్తలకు పంపారు. ఆ తర్వాత సంగతి నీకు తెలుసు. నా ఉద్యోగమంతా నువ్వు శనివారమే రాసేసిన ఆ ఆదివారం మీద నిలబడింది. నిజం రాసి ఉంటే నేను సోమవారం నాడు మీ వాకిట్లో ఉండేదాన్ని. నిన్ను తిట్టాలో, నీ కాళ్ళకు దణ్ణం పెట్టాలో తెలియడం లేదు.

ఆ అధ్యాయం తీసేశానని పబ్లిషర్‌కు చెప్పాను. "ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాడు. "నాకు తెలిసింది కదా" అన్నాను.

కోపం తగ్గాక పాత అలవాటు లేచింది. నా నోట్సు మళ్ళీ చూసుకున్నాను. గెర్ట్రూడ్ అత్త చేతుల గురించి విని ఏడ్చానంది. ఆవిడ ఇంట్లో చికాగో పేపరు రాదు. నాన్న చదవకుండానే లేచిపోయాడు. మరి ఆ రోజు ఆవిడకు చదివి వినిపించిందెవరు?

ఆర్డిస్

---

స్టెన్‌డాల్,
డిసెంబరు 21, 1971

ఆర్డిస్‌కు,

నేను.

ఇంకేం చెయ్యను? నాన్న లేచిపోయాక అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని పళ్ళేలకేసి చూస్తున్నారు. అమ్మ ముఖం చూడలేకపోయాను. నా కబుర్లేమో అప్పటికే పోస్టులో వెళ్ళిపోయాయి. ఎవరో ఒకరు చదివితే అచ్చయ్యేదాంట్లో సగమైనా నిజమవుతుందనుకున్నాను. నేనే లేచాను.

చర్చిలో కూడా నేనెప్పుడూ పైకి చదివిన మనిషిని కాదు. "ఇది మా చెల్లెలు రాసింది" అని మొదలుపెట్టేసరికి గొంతు వణికింది. బట్టల సోడా కలిపిన వేడి నీళ్ళలో వాళ్ళ వేళ్ళ చర్మం ఊడిపోవడం, సాయంత్రం ఇంటికెళ్ళి సొంత బిడ్డ తల నిమరలేకపోవడం, అక్కడికొచ్చేసరికి గెర్ట్రూడ్ అత్త రుమాలు తీసింది. నూట్ బాబాయి గుర్తున్నాడా? ప్రసంగమైనా పాటైనా నిద్రపోయేవాడు. ఆయన కళ్ళు తెరిచి, "మళ్ళీ చదవ్వే" అన్నాడు. మళ్ళీ చదివాను. రెండోసారి గొంతు వణకలేదు.

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, కబుర్లు రాసేవాళ్ళు తమ కబుర్లలో తామెక్కకూడదు. అది మాకు మొదటి నియమం. నా పెళ్ళి వార్తలో పెళ్ళికూతురి పేరు క్విస్ట్ గారు తన చేత్తో చేర్చుకోవలసి వచ్చింది. పైగా నువ్వు ఎదురుచూసింది నాన్న కోసం. నేను చదివానని చెప్పుకుంటే నీకేం ఒరిగేది? అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. పెళ్ళి రోజు కూడా అంత గర్వపడలేదు. ఇది మీ బావకు చెప్పకు.

థోరా

---

చికాగో,
జనవరి 4, 1972

నా బంగారు అక్కకు,

ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. పొయ్యి మీద పాలు పొంగిపోయినా కదల్లేదు.

అంటే ఆ వార్తలో తప్పు ఒక్క పేరే. పదకొండు మంది వచ్చారు, వ్యాసం చదివారు, అందరూ మెచ్చుకున్నారు. చదివిన మనిషి మాత్రం వేరు. నా దగ్గర పనిచేసిన కుర్ర విలేకరులు ఇంతకంటే పెద్ద తప్పులు చేసి జీతాలు పెంచమన్నారు.

నిన్న గెర్ట్రూడ్ అత్తకు ఫోన్ చేశాను. "ఔనే, థోరానే చదివింది! రెండుసార్లు! దాన్ని అడగమని అప్పుడే చెప్పానుగా!" అంది. రెండో నోరు కూడా అయింది. లైన్లో హెల్గా కూడా, "ఆ రోజు మా అమ్మా ఉంది, ఎప్పుడూ చెప్పేది" అంది. మూడో నోరు.

అధ్యాయం తిరిగి పెడతాను. ఈసారి ఉన్నదున్నట్టు రాస్తాను. మబ్బు, గడ్డి, నువ్వు, నూట్ బాబాయి. అయితే నీ పేరు రాయాలి, శనివారమే రాశావన్నదీ రాయాలి. ఊళ్ళో నీకు తలవంపులవుతుందేమో ఆలోచించు. నువ్వు వద్దంటే అధ్యాయం ఉండదు, పొయ్యిగొట్టమే ఉంటుంది.

ఇంకొక ప్రశ్న ఉంది. ఇది పుస్తకం కోసం కాదు. ఆ రోజు ఉక్కగా ఉందన్నావు. అయితే కిటికీలు తెరిచే ఉంటారు. నాన్న ఆ వాకిట్లోనే కదా బండి కట్టింది? నువ్వు రెండుసార్లు చదివావు. ఆయన విన్నాడా? కాసేపు ఆగాడనో, తల ఇటు తిప్పాడనో రాయి అక్కా. నువ్వు రాస్తే నేను నమ్ముతాను. రెండో నోరు అడగను.

ఆర్డిస్

---

స్టెన్‌డాల్,
జనవరి 23, 1972

ఆర్డిస్‌కు,

నా పేరు రాసుకో. మీ బావను అడిగాను. "నిజమే కదా, రాయనీ" అన్నాడు. ఆయనకు అది పెద్ద ఉపన్యాసమే.

నీ పుస్తకంలో చూసి ఊరు తెలుసుకోవడం దేనికని పోయిన వారం నేనే సవరణ వేశాను. క్విస్ట్ గారి మనవడు ఎడిటరు ఇప్పుడు. "జూలై 5, 1934 సంచికలో నీగార్డ్ గారింట వ్యాసం చదివినది హాల్వోర్ నీగార్డ్ అని పడింది. చదివినది ఈ కబుర్లు రాసే థోరా. పొరపాటుకు చింతిస్తున్నాను." అతను రెండుసార్లు చూసి, "ముప్ఫై ఏడేళ్ళు ఆలస్యమైందండీ" అన్నాడు. "మీ తాతే కారణం, వెయ్యి" అన్నాను.

తలవంపులన్నావు. అలాంటిదేమీ లేదు. ఆదివారం చర్చి అయ్యాక కాఫీ దగ్గర నా చుట్టూ మూగారు. "నలభై ఏడులో మా ఇంట్లో మూడు రకాల కేకులని రాశావు, రెండే" అని ఒకావిడ. "మా ఆయన అసలు ఆ రోజు రానే లేదు, జ్వరం" అని ఇంకొకావిడ. అందరూ పాత ఆదివారాలు తవ్వుతున్నారు. గెర్ట్రూడ్ అత్త మాత్రం నా కోటు వేసుకునే కూర్చుని, నేనెలా చదివానో అందరికీ చెప్పింది. నాకు సిగ్గేసింది, కానీ కూర్చుని మొత్తం విన్నాను.

ఇక నాన్న సంగతి. నువ్వు అడుగుతావని తెలుసు. రెండు రాత్రులు ఆలోచించాను. ఆగాడని రాస్తే నువ్వు నమ్ముతావు. నాకూ రాయాలనే ఉంది. కానీ జరిగిందో లేదో తెలియకుండా ఒకసారి రాసినందుకు నీ జీవితమంతా దాని మీద నడిచింది. ఇంకోసారి రాయను.

కిటికీ తెరిచే ఉంది. నాన్న వాకిట్లోనే ఉన్నాడు. గుర్రాల జీను గంటలు కాసేపు వినిపించాయి, కాసేపు వినిపించలేదు. ఎందుకు వినిపించలేదో నాకు తెలియదు. నేను చూడలేదు ఆర్డిస్. అప్పట్లో నీ వాక్యాలు మరీ పొడుగు. తలెత్తితే వరుస తప్పుతానేమోనని చివరిదాకా తలెత్తలేదు.

నీ అక్క,
థోరా